కాపలా ప్రైవేటుదైనా జవాబు ప్రజలకే

ఆసుపత్రి గేటు దగ్గర, షాపింగ్ మాల్‌లో, ఆఫీసు గుమ్మంలో మనల్ని ఆపి, బ్యాగు తెరిపించి, లోపలికి పంపాలో వద్దో తేల్చేది ఇవాళ చాలాచోట్ల పోలీసు కాదు, ఏజెన్సీ పంపిన సెక్యూరిటీ గార్డు. నలుగురిలో అతను చెయ్యి పట్టుకుని పక్కగదికి తీసుకెళితే చాలు, దొంగ అన్న ముద్ర పడిపోతుంది. పోలీసు అలా చేస్తే అడగడానికి పైఅధికారి ఉన్నాడు, కోర్టు ఉంది. గార్డు చేస్తే మాల్ యాజమాన్యం ఏజెన్సీని చూపిస్తుంది. ఏజెన్సీ ‘అతన్ని పనిలోంచి తీసేశాం’ అంటుంది. కథ అక్కడితో సరి.

2010 అక్టోబరులో బ్రిటన్ నుంచి అంగోలాకు తిప్పి పంపుతున్న ఒక వ్యక్తి, లండన్ హీత్రోలో విమానం కదలకముందే ముగ్గురు ప్రైవేటు గార్డుల పట్టులో ప్రాణం వదిలాడు. ఊపిరాడటం లేదని అతను అరవడం విన్నామని తోటి ప్రయాణికులు చెప్పారు. అది చట్టవిరుద్ధంగా ప్రాణం తీయడమేనని 2013లో మరణ విచారణ జ్యూరీ తేల్చింది. మరుసటి ఏడాది క్రిమినల్ కోర్టులో గార్డులు ముగ్గురూ నిర్దోషులుగా బయటపడ్డారు. వాళ్లను పంపిన కంపెనీ మీద అసలు కేసే పెట్టలేదు. దేశం నుంచి పంపేయాలన్నది ప్రభుత్వ నిర్ణయం, ఆ పని ప్రభుత్వానిది. ప్రాణం పోయాక మాత్రం బాధ్యత ఎవరి చేతా చిక్కలేదు.

ఇరాక్‌లో ఇంతకన్నా ఘోరం జరిగింది. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ బ్లాక్‌వాటర్ గార్డులు 17 మంది పౌరుల్ని కాల్చి చంపారు. ఇలాంటి కాంట్రాక్టర్ల జోలికి ఇరాక్ చట్టం పోకుండా అప్పటికే అమెరికా పాలనాధికారులు ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. 2014లో అమెరికా కోర్టు నలుగురిని దోషులుగా తేల్చింది. 2020 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ వాళ్లకు క్షమాభిక్ష పెట్టారు.

చట్టాలు లేవని కాదు. బ్రిటన్ 2001 చట్టం గార్డుకు లైసెన్సు ఇస్తుంది, కంపెనీకి లైసెన్సు తప్పనిసరి చేయలేదు. భారత్ 2005 చట్టం ఏజెన్సీకి లైసెన్సు ఇస్తుంది. దక్షిణాఫ్రికాలో గార్డూ కంపెనీ ఇద్దరూ రిజిస్టర్ కావాల్సిందే. మాకు ఈ చివరి పద్ధతే సబబుగా కనిపిస్తోంది. అయితే లైసెన్సు తప్పును ఆపదు. తప్పు జరిగాక విచారించే చేయి కావాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థలు ఉన్నచోట్ల గార్డుల మీద ఫిర్యాదులూ వాటికే అప్పగించాలి. బలం వాడిన ప్రతి సందర్భాన్నీ ఏజెన్సీ రాసి పెట్టాలి. ఆ రోజు సీసీ కెమెరా ఫుటేజీని చెరిపేయకూడదు.

ఇది ప్రైవేటు ఒప్పందం, మధ్యలో మీరెవరు అని కంపెనీలు అడుగుతాయి. మనిషి ఒంటి మీద చెయ్యి వేయడం ఇద్దరు కుదుర్చుకునే బేరం కాదు. ఆ మూడో మనిషి ఎక్కడా సంతకం పెట్టలేదు.

గార్డు గురించీ ఒక మాట. గంటల తరబడి నిలబడి, తక్కువ జీతానికి, అరకొర శిక్షణతో పనిచేసే అతన్ని ప్రతి గొడవలో బలిపశువును చేయడం మాకు సమ్మతం కాదు. ఎవరినీ వదలొద్దని పైనుంచి ఆదేశాలు ఇచ్చి, గొడవయ్యాక అతని ఉద్యోగం ఊడగొట్టడం అన్యాయం. ఆదేశం ఇచ్చినవారూ, డబ్బు చెల్లించి పని చేయించుకున్నవారూ బోనులో నిలబడాలి.

ప్రైవేటు గార్డుల్ని పెద్ద ఎత్తున పెట్టుకునేవాళ్లలో ప్రభుత్వాలూ ఉన్నాయి. కాబట్టి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒప్పందం ప్రతిని ప్రజల ముందు పెడతామని, ఫిర్యాదుల లెక్క ఏటా ప్రకటిస్తామని రాసివ్వని ఏజెన్సీకి వచ్చే టెండరులో చోటు ఇవ్వకపోతే చాలు, పని మొదలవుతుంది.