చదవకుండానే చదివింపులు

మా ఊళ్లో పెళ్లి జరిగితే పందిట్లో ఓ మూల నోటు పుస్తకం పట్టుకుని ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఫలానా వారు 116 రూపాయలు చదివించారని గట్టిగా అరిచి, రాసుకునేవాడు. రేపు ఆ ఫలానా వారింట్లో పెళ్లయితే వీళ్లు పుస్తకం తీసి చూసుకుని, అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి. వైద్య పరిశోధనలో సైటేషన్లు, అంటే ఒకరి పేపర్‌ను మరొకరు తమ పేపర్‌లో ఉదహరించడం, ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. కాకపోతే పెళ్లిలో కనీసం పేరైనా పైకి చదువుతారు.

సైటేషన్లు లెక్కపెట్టి మనిషిని తూచే ఈ ఏర్పాటును వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఒక పరిశోధకుడు గొప్పవాడో కాదో తేల్చాలంటే ఆయన రాసింది చదవాలి, అర్థం చేసుకోవాలి, అవసరమైతే వాదించాలి. ప్రమోషన్ కమిటీకి అంత తీరిక ఎక్కడిది? టిఫిన్‌కీ భోజనానికీ మధ్య నలభై ఫైళ్లు చూడాలి పాపం. ఆ కష్టం తీర్చడానికే కాబోలు, 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టాడు. మీ పేపర్లలో ఇరవైకి తలా ఇరవై సైటేషన్లయినా వస్తే మీ హెచ్ 20. అయిపోయింది. ఏం కనుక్కున్నారు, దానివల్ల ఏ రోగం ఎవరికి తగ్గింది అన్నవి అనవసరపు వివరాలు.

ఈ లెక్కన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫైలు కాస్త బలహీనమే అని చెప్పక తప్పదు. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ రికార్డుల్లో ‘ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి’ అని రాసి అట్టలేసుకున్న పిల్లలు ఎందరో. ఆ పేపర్‌కు వేల సైటేషన్లు వచ్చినా హెచ్ లెక్కలో అది ఒక్క పేపరే. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టర్ బృందం ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు అమైనోప్టెరిన్ అనే మందు ఇస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ మందు పంపింది లెడర్లీ అనే మందుల కంపెనీలో సుబ్బారావు గారి బృందం. పేపర్ మీద ఐదుగురి పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. రచయితల్లో పేరు లేకపోతే కమిటీ మాత్రం ఏం చేస్తుంది? సున్నా.

అదే లారీని చూడండి. లారీ ఒక పిల్లి. 2024లో ఇద్దరు పరిశోధకులు దాని పేర 12 దొంగ పేపర్లు, వాటిని ఉదహరిస్తూ మరో 12 దొంగ పేపర్లు తయారుచేసి నెట్‌లో పెట్టారు. పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ శ్రద్ధగా లెక్కపెట్టి లారీకి 132 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 11 ఇచ్చింది. పిల్లుల్లో అప్పటిదాకా పెద్ద పేరు చెస్టర్‌ది. అది 1975లోనే ఒక భౌతిక శాస్త్ర పేపర్‌కు సహ రచయిత. యజమాని ఒక్కడే రాసిన పేపర్‌లో అంతటా ‘మేము’ అని పడిందట. అదంతా మళ్లీ టైపు చేయలేక పిల్లి పేరు కలిపేశాడు. తర్వాత గూగుల్ వాళ్లు లారీ సైటేషన్లు తీసేశారు. నాకు అన్యాయమే అనిపించింది. ఎందుకంటే నా హెచ్ 9.

నేనొక మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. మా దగ్గర కొందరు ఒక్క పనసకాయ కోసి ఊరంతా పంచగలరు. అరవై మంది షుగర్ పేషెంట్లకు మెంతులు ఇచ్చి, చక్కెర మీద ఒక పేపర్, కొలెస్ట్రాల్ మీద ఇంకొకటి, బీపీ మీద మూడోది. మూడింటి మీదా మెంతులు ఎటుంటాయో తెలియని హెచ్ఓడీ గారి పేరే ముందు. నాకు ఆ నేర్పు లేదు. కరివేపాకు రసం ఎలుకల కాలేయంపై ఎలా పనిచేస్తుందో రెండేళ్లు చూసి, ఒకే ఒక్క పేపర్ రాసి ఒక జర్నల్‌కు పంపాను.

నాలుగు నెలలకు, అచ్చుకు ముందు పేపర్‌ను పరీక్షించే రివ్యూయర్ దగ్గర్నుంచి జవాబు. ఎలుకల గురించి ఒక్క ప్రశ్న లేదు. ‘రచయిత ఈ కింది ఐదు ముఖ్యమైన పేపర్లను ప్రస్తావిస్తే వ్యాసం మరింత బలపడుతుంది’ అని ఉంది. తీసి చూశాను. ఐదూ సెల్‌ఫోన్ ఫొటోతో వంగ ఆకుల మీద తెగులు గుర్తించడం గురించి. రివ్యూయర్ పేరు ఎప్పుడూ రహస్యమే, అది శాస్త్ర మర్యాద. ఐదింటిలోనూ కనిపించిన పేరు మాత్రం ఒక్కటే.

రాత్రంతా టెన్షన్ పడి, తెల్లారాక మూడో పేరాలో ఒక వాక్యం చేర్చాను: ‘కాలేయ వ్యాధుల్లాగే వంగ ఆకుమచ్చ తెగులును తొలిదశలో గుర్తించడం కూడా నేటి అవసరం.’ పక్కన ఆ ఐదు పేపర్ల నంబర్లు, 17 నుంచి 21 దాకా. మూడో రోజున పేపర్ ఓకే అయింది.

అచ్చయి ఏడాది దాటింది. దానికి ఇప్పటిదాకా వచ్చింది ఒక్కటే సైటేషన్. అదీ ఒక వంకాయల పేపర్ నుంచి.