పాత నేత చీర గారికి పదవీ విరమణ నోటీసు

గౌరవనీయులైన పాత మంగళగిరి నేత చీర గారికి,

విషయం: మీరు ఎంతకీ రిటైర్ కాకపోవడం గురించి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్లకు దిగిపోతాడు. తెలంగాణలో 61కే. దండ వేసి, శాలువా కప్పి, చేతిలో ఓ గోడ గడియారం పెట్టి పంపేస్తారు. మీకు మాత్రం ఈ మర్యాద తెలిసినట్టు లేదు. అంచు చిరిగాక కూడా డ్యూటీలోనే ఉన్నారు. కుచ్చిళ్ల చోట జల్లెడలా తయారయ్యాక కూడా ఉన్నారు. మీ వల్ల కొత్త గుడ్డల అమ్మకాలు పడిపోతున్నాయని ఫిర్యాదులు రాగా, మీ సర్వీసు రిజిస్టరు తెప్పించి చూశాం.

గుంట మగ్గం మీద పుట్టారు. నిజాం అంచు. మొదటి పోస్టింగు పేరంటాలకు. అన్నం వార్చిన గంజి పట్టించుకుని ఫెళఫెళలాడుతూ తిరిగేవారు. గతిలేనమ్మకు గంజే పానకం అంటారు గానీ, మీకు అదే పట్టాభిషేకం. ఇప్పుడు కుక్కర్లో అన్నం వండుతున్నాం కాబట్టి ఇంట్లో గంజి లేదు. గంజి పొడి ప్యాకెట్టు కొంటున్నాం. దీన్ని అభివృద్ధి అంటారు, మీకు అర్థం కాదు.

రంగు వెలిశాక ఇంటి కట్టుకు దిగారు. అక్కడితో ఆగి ఉంటే ఈ లేఖ రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆగలేదు. ఇంటి పిల్లకు పరికిణీ అయ్యారు. అదైనా తిన్నగా అయ్యారా? మడిచి కుట్టిన రెండు మూడు టక్కులు దాచిపెట్టుకుని, పిల్ల పొడుగెదిగినప్పుడల్లా ఒక్కోటి విప్పుతూ వచ్చారు. పిల్లతో పాటు బట్ట కూడా ఎదిగితే బట్టల షాపు వాడు ఏం తిని బతకాలి? పైగా టక్కు విప్పిన చోట ఎండ తగలని అసలు రంగు గీతలా బయటపడేది. ఆ గీతలు లెక్కపెడితే పిల్ల వయసు ఊరందరికీ తెలిసిపోయేది. వ్యక్తిగత సమాచార భద్రత అనేది మీ కాలంలో బొత్తిగా లేదు.

తర్వాత దూలానికి వేలాడి ఉయ్యాలయ్యారు. పురిటింటి నుంచి పిలుపొస్తే పొత్తిగుడ్డలుగా వెళ్లారు. పసిబిడ్డకు కొత్త బట్ట గుచ్చుకుంటుంది, ఉతికి ఉతికి మెత్తబడ్డదే తెమ్మన్నారు. అరిగిపోయినందుకే తీసుకున్న ఉద్యోగం మేం ఇంకెక్కడా చూడలేదు. ఎండాకాలం డాబా మీదికి డెప్యుటేషన్. గుమ్మడి వడియాల పిండిలో తడంతా మీరు తాగేసేవారు. ఎండాక మిమ్మల్ని తిరగేసి వెనక నీళ్లు చిలకరిస్తే వడియాలు ఊడొచ్చేవి. ఇప్పుడు ప్లాస్టిక్ షీటు పరుస్తున్నాం. నీళ్లక్కర్లేదు, వాటంతట అవే ఊడుతున్నాయి. ఈ ఒక్క పనిలో మీరు ఓడిపోయారని రికార్డులో రాసుకున్నాం.

ఇక మీ మీద ఉన్న ఆరోపణల్లో పెద్దది బొంత. చిరిగినవాళ్లు ఒక్కొక్కరూ ఒంటరిగా పోవాల్సింది పోయి, నలుగురు కలిసి కూటమి కట్టారు. గట్టిగా ఉన్న ముక్క పైకి, చిరుగుల ముక్కలు లోపలికి, నాలుగు వైపులా మీ నిజాం అంచు. మూలల మీద బరువులు పెట్టి నేల మీద పరిచి, పెద్ద సూదితో అంచు నుంచి మొదలుపెట్టి వరసలు వరసలుగా కుట్టుకుంటూ లోపలికి వచ్చేవారు. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో ఎవరూ కాగితం మీద గీసి ఇవ్వలేదు. ఎక్కడ చిరిగితే అక్కడ అతుకు. ఏ అతుకు పొడవు చాలకపోతే దాని పక్కన ఇంకో రంగు. డిజైనర్ పేరు చెప్పమంటే చిరుగు పేరే చెప్పాలి.

అదే సంగతి ఇప్పుడు బొటిక్కుల్లో చూడండి. కొత్త గుడ్డ కొంటారు. దాన్ని ముక్కలుగా కోస్తారు. పాతదిలా కనిపించేదాకా ఉతుకుతారు. మళ్లీ కలిపి కుట్టి, అట్టముక్క తగిలించి, వేలల్లో ధర పెడతారు. పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టగా పుట్టిన మీ బెంగాలీ బంధువు కాంథా, బిహారీ బంధువు సుజనీ ఎగ్జిబిషన్లలో ఏసీ కింద కూర్చున్నాయి. మన బొంత మాత్రం అటక మీదే ఉంది, చుట్టాలు ఎక్కువైన రాత్రి తప్ప కిందికి దిగదు.

ఇంకో మాట. "మా అమ్మమ్మల కాలంలో వేస్ట్ అన్నదే లేదండీ" అని మీ గురించి వాట్సాప్‌లో ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్లలో సూదిలో దారం ఎక్కించిన వాళ్లు ఎంతమందో కనుక్కుని చెప్పండి. బొంత కుట్టింది మధ్యాహ్నం అంట్లు తోమాక నడుం వాల్చాల్సిన ఆడవాళ్లు. దాన్ని పొదుపు అని మనం ఇప్పుడు అంటున్నాం. వాళ్లకది కొత్త దుప్పటి కొనలేకపోవడం. మీరు బతికున్నన్నాళ్లూ వాళ్ల కళ్లు అరిగాయి, ఆ పద్దు మీ రిజిస్టరులో ఎక్కడా లేదు.

లేని పద్దు ఇంకోటి కూడా ఉంది. నెలనెలా మీకు వేసిన ఆ పోస్టింగు ఆర్డరు ఎవరూ పైకి చదవలేదు. ఉతికి ఎండలో ఆరేయడానికి కూడా సిగ్గుపడి, మిమ్మల్ని చీకటి మూలల్లో దాచారు. తప్పు మీది కాదు. శుభ్రమైన నూలు గుడ్డ ఆ పనికి పనికొస్తుందని నోరు తెరిచి చెప్పి, పాత బట్టలతో నాప్కిన్లు చేయించిన సంస్థ ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్. దాన్ని పెట్టిన అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మీకు రాలేదు. మీరు దరఖాస్తు పెట్టుకోలేదు కదా.

పట్టుచీరల సంగతి వేరు. పాత పట్టుచీరలు కొంటాం అంటూ వీధిలోకి వచ్చేవాళ్లు వాటిని కాల్చి జరీలోని వెండి తీసుకుంటారు. కాలిపోయాక కూడా పెన్షన్ ఉన్న ఉద్యోగం అది. మీకా అదృష్టం లేదు. స్టీలు సామాన్ల ఆవిడ కూడా మిమ్మల్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇది చిరిగిందమ్మా, ఓ ప్యాంటు వెయ్యి" అని పక్కన పెట్టేస్తుంది.

అందువల్ల మీ స్థానంలో సూరత్ నుంచి కొత్త నియామకాలు చేశాం. పాలిస్టర్ వారు. ముడత పడరు, వెలవరు, గంజి అడగరు. చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. ఇల్లు తుడవమంటే నీళ్లను ఈ గోడ నుంచి ఆ గోడకు నెడుతున్నారు గానీ పీల్చడం లేదు. మసిగుడ్డగా వేస్తే వేడి మూకుడికి కరిగి అంటుకుపోయారు. కరెంటు పోయినప్పుడు బుడ్డికి వత్తిగా చేసి వెలిగిస్తే నల్లటి చుక్కలై కారారు. పసిపిల్లకు చుడితే చెమటకు ఏడ్చింది. మొత్తం మీద వాళ్లకు ఒకే ఒక్క పని వచ్చు, చీరగా ఉండడం. అది అయిపోయాక ఇంకే పనీ చేతకాదు, చావూ రాదు. అలమరా నిండా జీతం లేని అధికారుల్లా కూర్చున్నారు. పొదుపు చేద్దామని మనం అనుకున్నా, ఆ గుడ్డ ఒప్పుకోవడం లేదు.

అయినా నిర్ణయం నిర్ణయమే. ఈ లేఖ అందిన వెంటనే మీరు అన్ని బాధ్యతల నుంచీ తప్పుకోవాలి.

అయితే ఒక చిన్న సవరణ. మామిడికాయలు వచ్చేశాయి. ఆవకాయ కలిపాం, జాడీకి వాసెన కట్టాలి. కొత్తవారిలో ఒకరిని కోసి కట్టి చూస్తే, తాడు ఎంత బిగించినా మూతి మీంచి జారిపోతున్నారు. కనుక మూడో నాడు తిరగ కలిపేదాకా మీ సర్వీసు పొడిగించడమైనది. ఒక మూర ముక్క చాలు. జీతభత్యాలు ఉండవు.

ఇట్లు,
ఇంటి యాజమాన్యం

ప్రతి: వంటింటి మసిగుడ్డ గారికి, సమాచారం కోసం. వారి నోటీసు కూడా రాసి ఉంచాం. ఇచ్చేస్తే పాలగిన్నె ఎవరు దింపుతారో తేలక ఆపాం.