చలికి వణుకుతూ భూతాపంపై పోరాటం

హైటెక్ సిటీ ఉద్యోగులకు పర్యావరణం పట్టదని కొందరు నోరు పారేసుకుంటున్నారు. ఇంత అన్యాయం ఇంకోటి లేదు. మే నెలలో బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల స్వెటర్ వేసుకుని, చేతులు రుద్దుకుంటూ, భూతాపం మీద ప్రెజెంటేషన్ ఇస్తున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? వణుకుతూ కూడా భూమి వేడెక్కుతోందని నమ్మాలంటే ఎంత నిబ్బరం కావాలి!

స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. మీటింగ్ రూముల్లో ఈ నిబంధనకు ఎక్కడా భంగం లేదు. ఏసీ 24 దగ్గరే మొదలవుతుంది. తర్వాత 18కి దింపిందెవరో మాత్రం ఏ విచారణలోనూ తేలదు. ఇక సెంట్రల్ ఏసీ అయితే మరీ భద్రం. అడ్మిన్ వాళ్లు ఫెసిలిటీస్‌ని చూపిస్తారు, వాళ్లు బిల్డింగ్ వాళ్లని చూపిస్తారు, బిల్డింగ్ వాళ్లు "టికెట్ రైజ్ చేయండి సార్" అంటారు, అంటే ఫిర్యాదు నమోదు చేయమని. టికెట్ క్లోజ్ అయ్యేసరికి వానలు పడతాయి. సమస్య దానంతటదే పరిష్కారం.

జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, కంపెనీ తలా ఒక స్టీల్ బాటిల్ ఇస్తుంది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. అది ఇంటికెళ్లి అటక మీద నిరుటి బాటిల్ పక్కన చేరుతుంది. ఆఫీసులో నీళ్లు పేపర్ కప్పులోనే తాగుతాం. కప్పు లోపలి ప్లాస్టిక్ పూత సంగతి మర్యాదస్తులు ఎత్తరు.

ఉద్యోగులనే అనడం దేనికిలెండి. గంట మీటింగ్ కోసం పొద్దున్నే బెంగళూరుకు ఫ్లైట్‌లో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చిన పెద్దసారే, ప్రింట్లు తీసే ముందు చెట్లను తలచుకోమని అందరికీ మెయిల్ పెడతారు. చదివినవాడు తలచుకుంటాడు, చెట్లను కాదు.

అయినా మనవాళ్లలో ఆశయానికి లోటు లేదు. రాయదుర్గం దాకా మెట్రో 2019లోనే వచ్చింది. "అందరూ మెట్రో ఎక్కాలండీ, అదొక్కటే దారి" అని కారు నడిపే ప్రతివాడూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడు. ముందున్న వాళ్లంతా ఎక్కేస్తే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర తన కారుకు కాస్త దారి దొరుకుతుంది కదా.