డిఫెండర్ ధర అతని వెనకున్న ఖాళీలో ఉంది

క్లబ్బులు ఆటగాళ్లను కొని అమ్ముకునే ట్రాన్స్‌ఫర్ విండో తెరుచుకుంటే చాలు, తిరుపతిలో మా ఫుట్‌బాల్ పిచ్చోళ్ల వాట్సాప్ గ్రూపుకి నిద్ర ఉండదు. "ఏం సామీ, మనోళ్లు ఈసారైనా సెంటర్ బ్యాక్‌ని కొంటారా లేదా?" అని ఒకరు మొదలుపెడతారు (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండరే సెంటర్ బ్యాక్), వెంటనే ఇంకొకరు ఏదో యూట్యూబ్ వీడియో పడేస్తారు, అందులో ఆ డిఫెండర్ ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి స్లైడింగ్ ట్యాకిల్ వేస్తుంటాడు, ఎగిరి తలతో బంతిని అవతలికి కొడుతుంటాడు, వెనక హోరెత్తించే మ్యూజిక్. చూసినవాళ్లందరూ "కొనేయాల్సిందే" అంటారు. స్ట్రైకర్‌ని ఇలా చూసి ఎంతో కొంత అంచనా వేయొచ్చు, గోల్ కొట్టాడంటే కొట్టినట్టే. డిఫెండర్ విషయంలో మాత్రం ఈ వీడియోలు నిలువునా మోసం చేస్తాయి. మంచి డిఫెండర్ పనిలో ఎక్కువ భాగం ఏమీ జరగకుండా చూసుకోవడమే, జరగని దాన్ని ఎవరూ వీడియో తీయలేరు.

నా మాట ఒక్కటే. పాత టీమ్‌లో అతని వెనక, పక్కన ఎంత ఖాళీ ఉండేది, కొత్త టీమ్‌లో ఎంత ఉండబోతోంది అన్నది తేల్చుకోకుండా ఏ క్లబ్బూ డిఫెండర్ మీద డబ్బు పెట్టకూడదు. ఎత్తు, వయసు, ట్యాకిళ్ల లెక్క, కెప్టెన్సీ అన్నీ దాని తర్వాతే.

ట్యాకిళ్ల సంగతే చూడండి. మ్యాచ్‌లో మూడో వంతు సేపే బంతి తమ కాళ్ల దగ్గర ఉండే టీమ్‌లో డిఫెండర్‌కి రోజంతా పనే, ట్యాకిళ్లు, క్లియరెన్స్‌లు (బంతిని దూరంగా కొట్టేయడం), బ్లాక్‌లు వద్దన్నా పెరుగుతాయి. మూడింట రెండొంతుల సేపు బంతి తమ దగ్గరే ఉంచుకునే టీమ్‌లో అదే మనిషిని పెడితే ఆ అంకెలు సగానికి పడిపోవచ్చు, అతని ఆట మాత్రం పిసరంత కూడా తగ్గి ఉండదు. మా చిత్తూరు వైపు పాడి రైతు ఆవును కొనేటప్పుడు పూటకు ఎన్ని లీటర్లు ఇస్తోందని అడిగి ఊరుకోడు, అక్కడ ఏం మేత వేస్తున్నారు, ఎంత దాణా పెడుతున్నారు అని కూడా అడుగుతాడు, ఎందుకంటే తన ఇంటికొచ్చాక ఆ మేత ఉండదు. కోట్ల పౌండ్లు పెట్టే క్లబ్బులు ఈ రెండో ప్రశ్న అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అంకెలకు అందని డిఫెన్స్ ఎలా ఉంటుందో చూడాలంటే 2019 మార్చి 31న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, టాటెన్‌హామ్ మ్యాచ్ చివరి నిమిషాలు చూడండి. స్కోరు 1-1. టాటెన్‌హామ్ కౌంటర్‌లో, అంటే ఎదురుదాడిలో, మూసా సిసోకో బంతితో దూసుకొస్తున్నాడు, పక్కన సన్ హ్యూంగ్ మిన్, మధ్యలో వర్జిల్ వాన్ డైక్ ఒక్కడే. ఇద్దరికి ఒకడు. మామూలు డిఫెండర్ అయితే బంతి మీదకు ఉరుకుతాడు, బంతి సన్‌కి వెళ్తుంది, గోల్. వాన్ డైక్ ఉరకలేదు. సన్‌కి పాస్ వెళ్లే దారిని తన ఒంటితో మూసేస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు, సిసోకో షూట్ చేయక తప్పని చోటికి వచ్చేదాకా ఆగాడు, అదీ అతనికి అలవాటు లేని ఎడమ కాలితో. బంతి బార్ పైనుంచి పోయింది. కాసేపటికి ఆల్డర్‌వైరెల్డ్ సెల్ఫ్ గోల్‌తో లివర్‌పూల్ 2-1తో గెలిచింది. ఆ క్షణాన్ని గణాంకాల పట్టికలో వెతికితే సిసోకో పేరు మీద గురితప్పిన షాట్ ఒకటి కనిపిస్తుంది, వాన్ డైక్ పేరు మీద ట్యాకిల్ లేదు, ఇంటర్‌సెప్షన్ (పాస్‌ని మధ్యలో అందుకోవడం) లేదు.

2018 జనవరిలో లివర్‌పూల్ సౌతాంప్టన్‌కి 7.5 కోట్ల పౌండ్లు ఇచ్చి వాన్ డైక్‌ని తెచ్చినప్పుడు ధర చూసి నోరెళ్లబెట్టినవాళ్లే ఎక్కువ. లివర్‌పూల్ డిఫెన్స్ లైన్ దాదాపు సెంటర్ లైన్ దాకా జరుగుతుంది. మైదానం పొడవు 105 మీటర్లు అనుకుంటే, వెనక నలభై మీటర్లకు పైగా ఖాళీ వదిలేసి ఆడుతున్నట్టే లెక్క. ఆ ఖాళీలోకి బంతి పడితే తిరిగి పరిగెత్తే వేగం, అసలు పడకముందే పసిగట్టే బుర్ర రెండూ ఉన్న మనిషి వాళ్లకు కావాలి. ఆ రెండూ అతనిలో ఉన్నాయి. 2019లో ఛాంపియన్స్ లీగ్, ఆ మరుసటి సీజన్‌లో ప్రీమియర్ లీగ్ వచ్చాయి.

సరిగ్గా దీనికి ఎదురు కథ హ్యారీ మాగ్వైర్‌ది. 2019 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ లెస్టర్‌కి 8 కోట్ల పౌండ్లు ఇచ్చింది, డిఫెండర్‌కి ప్రపంచ రికార్డు ధర. మాగ్వైర్ పనికిరాని ఆటగాడని ఇంటర్నెట్టంతా ఏళ్ల తరబడి ఎగతాళి చేసింది, దాన్ని నేను అస్సలు ఒప్పుకోను. 2018 వరల్డ్ కప్‌లో స్టోన్స్, వాకర్‌లతో ముగ్గురి డిఫెన్స్‌లో ఆడి ఇంగ్లండ్‌ని సెమీఫైనల్‌కి చేర్చినవాళ్లలో అతనొకడు, స్వీడన్ మీద క్వార్టర్ ఫైనల్లో తలతో గోల్ కొట్టింది అతనే. యూరో 2020 అత్యుత్తమ జట్టులోనూ చోటు దక్కింది. బాక్స్ దగ్గర నిలబడి గాల్లో వచ్చే బంతుల్ని ఎదుర్కోమంటే అతన్ని మించినవాళ్లు తక్కువ. యునైటెడ్‌లో ముందుకు జరిగి ఆడమన్నారు, వెనక ఖాళీ పెరిగింది, ముందున్న మిడ్‌ఫీల్డ్ ప్రత్యర్థిని ఆపలేకపోయింది, తిరిగి పరిగెత్తడంలో అతని నెమ్మది అందరి కళ్లకూ కనిపించింది. 2021 అక్టోబరులో ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో లివర్‌పూల్ చేతిలో 5-0 ఓటమి, నెల తిరక్కముందే వాట్‌ఫోర్డ్‌లో 4-1, అందులో మాగ్వైర్‌కి రెడ్ కార్డ్. అదే మనిషి 2025 ఏప్రిల్‌లో లియోన్ మీద యూరోపా లీగ్ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో తలతో గోల్ కొట్టి యునైటెడ్‌ని 5-4తో గట్టెక్కించాడు. ఆటగాడు మారలేదు, అతన్ని నిలబెట్టిన చోటు మారింది. అందుకే 8 కోట్ల తప్పు అతని ఖాతాలో వేయడం అన్యాయం, అది కొన్నవాళ్ల తప్పు.

ఇదంతా టీవీలో ఎందుకు కనపడదంటే కెమెరా బంతి వెంట పోతుంది. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు మన సెంటర్ బ్యాక్ ఏం చేస్తున్నాడో ఫ్రేమ్‌లోనే ఉండదు, అతని పని మొదలయ్యేదేమో అప్పుడే. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో లోకల్ టోర్నమెంట్లు చూసేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. ఒకసారి ఒక టీమ్ చెన్నై నుంచి గెస్ట్ ప్లేయర్‌గా ఒక డిఫెండర్‌ని పిలిపించింది, ఆరడుగుల పైనే ఉంటాడు, గట్టి నేల మీద బంతి ఎగిరిన ప్రతిసారీ తలతో సగం గ్రౌండ్ దాటించేవాడు, ప్రతి క్లియరెన్స్‌కీ ఈలలు. అవతలి టీమ్‌లో డిగ్రీ చదివే ఒక బక్క కుర్రాడు సెంటర్ బ్యాక్. మ్యాచ్ మొత్తం నేను ఆ పిల్లాడినే చూస్తూ కూర్చున్నాను. తమవాళ్లు కార్నర్ తీసుకుంటుంటే అతను ముందే నాలుగడుగులు వెనక్కి వేసి, భుజం మీదుగా ప్రత్యర్థి స్ట్రైకర్ ఎటు ఉన్నాడో ఒకసారి చూసి, రైట్ బ్యాక్‌ని లోపలికి రమ్మని చేత్తో సైగ చేస్తాడు. బంతి అటు నుంచి లాంగ్‌గా వచ్చేసరికి అతను అక్కడే ఉంటాడు, తీరిగ్గా కాలితో ఆపి పక్కవాడికి ఇచ్చేస్తాడు, ఎవరూ చప్పట్లు కొట్టరు. చెన్నై అబ్బాయి చేసిన క్లియరెన్స్‌లలో సగం, తాను ముందే తప్పుడు చోట నిలబడ్డం వల్ల చేయాల్సి వచ్చినవి. బెస్ట్ డిఫెండర్ ప్రైజు మాత్రం అతనికే ఇచ్చారు. ప్రీమియర్ లీగ్ క్లబ్బుల స్కౌట్‌లు కుర్చీలోంచి లేచి స్టేడియానికి వెళ్లేది కూడా ఇలాంటివి చూడటానికే.

ఇక మార్క్ గేహీ. ఈ మధ్యకాలంలో నేను ఎక్కువగా ఆలోచించిన డిఫెండర్ ఇతనే. చెల్సీ అకాడమీలో పెరిగి, 2021లో క్రిస్టల్ ప్యాలెస్‌కి వచ్చాడు, కెప్టెన్ అయ్యాడు, 2025 మేలో వెంబ్లీలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తాడు. 2025 సెప్టెంబర్ 1న 3.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్‌తో ఒప్పందం కుదిరింది, మెడికల్ (ఆరోగ్య పరీక్ష) కూడా నడిచింది, చివరి గంటల్లో అతని బదులు ఆటగాడు దొరక్క ప్యాలెస్ వెనక్కి తగ్గింది. చివరికి 2026 జనవరిలో మాంచెస్టర్ సిటీ తీసుకుపోయింది. లివర్‌పూల్ అభిమానిగా ఆ సెప్టెంబర్ 1 రాత్రి పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది, అయినా అభిమానం పక్కనబెట్టి చూస్తే ఇతని విషయంలో అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

ప్యాలెస్‌లో కోచ్ గ్లాస్నర్ ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడించేవాడు. గేహీ ఎడమ వైపు, మధ్యలో లాక్రువా, గేహీకి బయట, మైదానం అంచున ఆడే వింగ్ బ్యాక్ మిచెల్. అంటే గేహీ ముందుకు ఉరికి బంతి లాక్కోబోయి విఫలమైనా లోపల వేగమైన లాక్రువా ఉన్నాడు, పక్కన మిచెల్ ఉన్నాడు. టీమ్ కూడా ఎక్కువసేపు వెనక కాచుకుని కౌంటర్‌కి ఎదురుచూసేది. అంతటి రక్షణ ఉన్నచోట ధైర్యంగా ఆడటం తేలిక. నలుగురి డిఫెన్స్‌లో, అందరూ బాగా ముందుకు జరిగి ఆడే హై లైన్‌లో ఆ ధైర్యం నిలబడుతుందా? యూరో 2024లో ఇంగ్లండ్‌కి ఎక్కువ మ్యాచ్‌లు నలుగురి డిఫెన్స్‌లో స్టోన్స్ పక్కన ఆడి ఫైనల్ దాకా వెళ్లాడు కదా అంటారు, నిజమే, కానీ కోచ్ సౌత్‌గేట్ నడిపిన ఇంగ్లండ్ కూడా వెనక ఖాళీ ఇవ్వడానికి ఇష్టపడని టీమే. కాబట్టి ఆ సాక్ష్యం సగానికే చెల్లుతుంది.

మరి ఎందుకు కొనాలంటాను? కుడి కాలి ఆటగాడై ఉండి ఎడమ వైపు ఏళ్ల తరబడి ఆడాడు, ప్రత్యర్థులు మీద పడి ప్రెస్సింగ్ చేసినప్పుడు బంతిని లోపలికి తిప్పుకుని మిడ్‌ఫీల్డర్‌కి అందించడంలో అతనికి తొందరపాటు లేదు. ఎత్తు 1.82 మీటర్లే, దాని గురించి వంకలు పెట్టేవాళ్లకు ఇటలీ డిఫెండర్ కన్నవారోని గుర్తుచేయాలి, అంతకన్నా పొట్టివాడు, 2006లో ఇటలీకి వరల్డ్ కప్ అందించి, ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా గెలిచాడు. యునైటెడ్ డిఫెండర్ లిసాండ్రో మార్టినెజ్‌నీ పొట్టివాడని 2022 ఆగస్టులో బ్రెంట్‌ఫోర్డ్‌లో 4-0 ఓటమి తర్వాత ఇలాగే ఆడిపోసుకున్నారు, ఆ డిసెంబర్‌కల్లా వరల్డ్ కప్ గెలిచిన అర్జెంటీనా జట్టులో ఉన్నాడు. ధర కూడా ముఖ్యం. 2024 వేసవిలో వార్తల ప్రకారం న్యూకాసిల్ 6.5 కోట్ల పౌండ్ల దాకా వచ్చినా ప్యాలెస్ అమ్మలేదు. ఆ ధరకైతే నేను వద్దనేవాణ్ని, హై లైన్‌లో నిరూపించుకోని మనిషికి అది ఎక్కువ. కాంట్రాక్ట్ ఏడాదే మిగిలి 3.5 కోట్లకు దొరికినప్పుడు మాత్రం ఆ రిస్క్ తీసుకోవాల్సిందే. ఇప్పుడు సిటీలో అతనికి ఎదురయ్యే పరీక్ష కూడా ఇదే, వెనక సగం మైదానం ఖాళీగా వదిలి ఆడటం.

డిఫెండర్ విలువ తెలుసుకోవడానికి నాకు నమ్మకమైన దారి ఇంకొకటుంది, అతను లేనప్పుడు టీమ్ ఏమైందో చూడటం. 2023 మార్చిలో సెంటర్ బ్యాక్ సలీబా నడుం నొప్పితో తప్పుకున్నాక లీగ్‌లో ముందున్న ఆర్సెనల్ లివర్‌పూల్, వెస్ట్‌హామ్, సౌతాంప్టన్‌లతో వరసగా డ్రాలు చేసుకుని, సిటీ చేతిలో 4-1తో ఓడి టైటిల్ పోగొట్టుకుంది. తర్వాతి సీజన్‌లో సలీబా, గాబ్రియెల్ జంట కుదురుగా ఆడితే లీగ్ మొత్తం మీద ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్ 29.

ఒంటి సంగతి వేరు. వెస్లీ ఫొఫానాకి లెస్టర్‌లో ఉండగానే 2021లో కాలు విరిగింది, అయినా మరుసటి ఏడాది చెల్సీ సుమారు 7 కోట్ల పౌండ్లు పోసి ఏడేళ్ల కాంట్రాక్ట్ రాసిచ్చింది, ఆ తర్వాత గాయాలతోనే ఎక్కువ కాలం గడిచింది. లివర్‌పూల్ 2025లో పార్మా నుంచి తెచ్చిన లియోనికైతే మొదటి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పలేరు. మొదటిది తెలిసి చేసిన జూదం, రెండోది దురదృష్టం, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మన దేశంలో ఈ పాఠం నేర్చుకోవడానికి సెంటర్ బ్యాక్ అన్వర్ అలీ కథ చాలు. 2019లో మెడికల్‌లో గుండె సమస్య బయటపడింది, ఫెడరేషన్ ఆపితే ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి మళ్లీ గ్రౌండ్‌లోకి దిగాడు. అంత పట్టుదల ఉన్న ఆటగాడంటే నాకు గౌరవం. 2023-24లో లోన్ మీద మోహన్ బగాన్‌కి ఆడి, తోటి సెంటర్ బ్యాక్ హెక్టర్ యుస్తేతో కలిసి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) షీల్డ్, అంటే లీగ్ పట్టికలో మొదటి స్థానానికిచ్చేది, గెలిచాడు. 2024 వేసవిలో ఈస్ట్ బెంగాల్ ఆ ఇద్దరినీ తీసుకుంది. అన్వర్ ఆ లోన్ ఒప్పందం తెంచుకోవడం మీద పెద్ద గొడవే నడిచింది, నాలుగు నెలల నిషేధం, 12.9 కోట్ల రూపాయల పరిహారం అన్న ఉత్తర్వు, మళ్లీ హైకోర్టు. ఒప్పందం న్యాయమా కాదా అని అందరూ వాదించుకున్నారు, ఈ జంట ఈస్ట్ బెంగాల్ ఆటకు సరిపోతుందా అని అడిగినవాళ్లు నాకైతే పెద్దగా కనపడలేదు. కేసు వల్ల సీజన్ ఆరంభంలో అన్వర్ వెంటనే దిగలేకపోయిన మాట నిజమే, అయినా షీల్డ్ గెలిచిన సెంటర్ బ్యాక్‌ల జంటను మొత్తంగా తెచ్చుకున్న ఈస్ట్ బెంగాల్ లీగ్‌లో మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడి, చివరికి తొమ్మిదో స్థానంలో నిలిచింది. మోహన్ బగాన్ కొత్తగా ఆల్డ్రెడ్, ఆల్బర్టో రోడ్రిగెజ్‌లను తెచ్చుకుని ఆ సీజన్‌లో షీల్డ్, ఆ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌ల కప్ రెండూ గెలిచింది. అన్వర్, యుస్తే వెళ్లిపోయారు, మైదానంలో వాళ్ల ఎదుట మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన అనిరుధ్ థాపా, దీపక్ టాంగ్రీ, వెనక గోల్‌లో నిలబడిన విశాల్ కైత్ మాత్రం మోహన్ బగాన్‌లోనే ఉండిపోయారు.