టైమౌట్ పోయినా సరే, ఎరుపే వేసుకుంటాం

2008 డిసెంబర్ 6. అమెరికాలో పసడీనాలోని రోజ్ బౌల్ స్టేడియంలో కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఆట మొదలైందో లేదో, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) జట్టుకు ఒక టైమౌట్, అంటే ఆటను కాసేపు ఆపించుకునే అవకాశం, కోత పడింది. చేసిన నేరం, అతిథిగా వచ్చి కూడా తెల్ల జెర్సీ వేసుకోకపోవడం. శిక్ష పడుతుందని తెలిసే కోచ్ పీట్ కారల్ తన కుర్రాళ్లను ముదురు ఎరుపులో దింపాడు. ఆ వెంటనే ఆతిథ్య జట్టు యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్న మరో యూనివర్సిటీ) కోచ్ రిక్ న్యూహైజల్ కూడా తన టైమౌట్ ఒకటి వాడేసి లెక్క సమం చేశాడు. సగం ఆటకు ఉండేవే మూడు. అందులో ఒకటి ప్రత్యర్థి ముచ్చట కోసం వదులుకున్నాడన్నమాట.

యూసీఎల్‌ఏ 1982లో రోజ్ బౌల్‌కు మకాం మార్చే దాకా ఈ రెండు జట్లకూ లాస్ ఏంజెలెస్ కొలీజియమే సొంత మైదానం. ఒకరు ఎరుపు, ఒకరు నీలం వేసుకుని తలపడేవారు. ఆ పాత సంబరం మళ్లీ చూడాలని ఇద్దరికీ ఉంది. వధూవరులిద్దరూ సరేనన్నా పురోహితుడు కుదరదన్నట్టు, అడ్డం పడింది అతిథి జట్టు తెలుపే వేయాలన్న నియమావళి ఒక్కటే.

కాలేజీ ఫుట్‌బాల్‌లో రంగంటే బట్టల సంగతి కాదు. అమెరికా క్యాంపస్‌లలో చదువుతున్న మన పిల్లల్ని అడిగితే చెబుతారు. సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న శనివారం ఊరు ఊరంతా ఒకే రంగు.

ఎవరు ఎవరో కనబడాలన్నదే ఈ నియమం వెనక చెప్పే కారణం. దాన్ని కాదనలేం. కానీ దాన్ని అమలు చేసిన తీరు చూస్తే కంటిచూపు కన్నా పెత్తనమే ఎక్కువ కనిపిస్తుంది. లూసియానా స్టేట్ కథే చూడండి. 1958లో సొంతగడ్డపై తెల్ల జెర్సీలు వేసుకుని ఆ ఏడాది జాతీయ విజేత అయిన జట్టది. తెలుపు అచ్చొచ్చిందనుకుని దాన్ని పట్టుకు వేలాడింది. ఆతిథ్య జట్టు ముదురు రంగే వేయాలని 1983లో కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ అనడంతో తెలుపు పోయింది. కోచ్ జెర్రీ డినార్డో పట్టుబట్టాక 1995లో తిరిగొచ్చింది. అదీ ఒక మెలికతో: అతిథి జట్టు ఒప్పుకోవాలి. మరుసటి ఏడాది వాండర్‌బిల్ట్ ఒప్పుకోలేదు. డినార్డో అంతకుముందు కోచ్‌గా పనిచేసి వదిలి వచ్చింది ఆ జట్టునే! పాత అలక తీర్చుకోవడానికి అంతకన్నా అందమైన అవకాశం దొరకదు. లూసియానా స్టేట్ బంగారు రంగు జెర్సీల్లో దిగి 35-0తో గెలిచింది.

బాయిసీ స్టేట్‌ది మరో వింత. 1986 నుంచి వాళ్ల మైదానం నీలం. 2011లో మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌లో (కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్) చేరేటప్పుడు, సొంతగడ్డపై కాన్ఫరెన్స్ మ్యాచ్‌లలో ఆపాదమస్తకం నీలం వేసుకోకూడదని షరతు పెట్టారు. నీలంలో నీలం కలిసిపోయి ఆటగాళ్లు కనబడరట! మరి పచ్చటి మైదానాల్లో ఆకుపచ్చ తొడిగే జట్ల మాటేమిటి? 2013లో ఎన్‌సీఏఏ కమిటీ ఒకటి జెర్సీ గానీ ప్యాంటు గానీ మైదానం రంగుకు భిన్నంగా ఉండాలని ప్రతిపాదిస్తే, పైనున్న ప్యానెల్ దాన్ని పక్కన పెట్టేసింది. మౌంటెన్ వెస్ట్ పెట్టిన షరతు కూడా నిలవలేదు.

2009లో నియమం సడలింది. ఇరు జట్లూ ముందే రాసుకుని, రంగుల్లో తేడా స్పష్టంగా ఉందని ఆతిథ్య జట్టు కాన్ఫరెన్స్ ధ్రువీకరిస్తే రెండూ రంగు జెర్సీలు వేసుకోవచ్చు. మంచిదే. అయితే తేడా అంటే ఏమిటి? 2015 నవంబర్‌లో, ఇది కాలేజీ ఆట కాదు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, బఫలో బిల్స్ ఎరుపులో, న్యూయార్క్ జెట్స్ ఆకుపచ్చలో ఆడాయి. మామూలు కంటికి ఇంతకన్నా తేడా ఉన్న రంగులుండవు. వర్ణాంధత్వం ఉన్న ప్రేక్షకులు మాత్రం ఎవరు ఎవరో తెలియడం లేదని మొత్తుకున్నారు. తెలుపు వేయని నేరానికి టైమౌట్ లాక్కునే మనుషులు ఆలోచించాల్సింది ఈ ఇబ్బంది గురించి.

దీనికి కాన్ఫరెన్స్ ధ్రువపత్రాలూ, అతిథి అనుమతులూ అక్కర్లేదు. రెండు జెర్సీలనూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చండి. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తే ఆడనివ్వండి. లూసియానా స్టేట్ తెలుపును ఏ వాండర్‌బిల్టూ ఆపడానికి వీలుండదు. బిల్స్, జెట్స్‌లలో ఒకరు మాత్రం మ్యాచ్‌కు ముందే వెనక్కెళ్లి జెర్సీ మార్చుకుని రావాల్సి వచ్చేది.