మహారాజశ్రీ బాత్‌టబ్ గారికి, ఒక బకెట్టు స్నానం మనిషి విన్నపం

మహారాజశ్రీ బాత్‌టబ్ గారికి,

ఉభయకుశలోపరి. తమరు షోరూములో ఏసీ కింద, లైట్ల వెలుగులో కులాసాగా ఉన్నారు, కళ్లారా చూసే వచ్చాం. ఇక్కడ మేం హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులో, మామూలప్పుడు బోరు నీళ్లతో, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లతో, ఉన్నంతలో ఉన్నాం. బాత్రూమ్ ఎలాగూ తవ్వి పోశాం కదా, పనిలో పనిగా తమరినీ తెచ్చేసుకుందామని మా ఆవిడ తీర్మానించింది కాబట్టి తమరి రాక ఖాయం. ఏ అవతారంలో అన్నదే తేలలేదు.

అవతారాలు కూడా తక్కువేం కావు. అక్రిలిక్, ఫైబర్, పోత ఇనుము, స్టీలు రేకు, రాయి, రాగి, చెక్క. షోరూము కుర్రాడు ఒక్కోదాన్నీ పెళ్లికొడుకు ఫొటో చూపించినట్టు చూపించాడు. ఫినిష్ చూడండి సార్, ఇంపోర్టెడ్ సార్, ఈఎంఐ ఉంది సార్. మీ ఇంట్లో నీళ్లెలా వస్తాయి సార్ అని మాత్రం పొరపాటున కూడా అడగలేదు.

ముందు తమరి పోత ఇనుము అవతారం సంగతి. పైన ఎనామిల్ పూత, చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు, బరువైన వస్తువేదీ పడి పెచ్చు ఊడకపోతే మనవళ్ల కాలం దాకా ఉంటుంది, కాదనను. కానీ 5 అడుగుల తొట్టి ఖాళీగానే 150 కిలోల దాకా తూగుతుంది. 180 లీటర్ల నీళ్లు పోస్తే ఇంకో 180 కిలోలు. ఆపైన నేను (నా బరువు ఇక్కడ అప్రస్తుతం) దిగితే 400 దాటుతుంది. ఇదంతా చదరపు మీటరు పైచిలుకు జాగాలో! ఇళ్లలో బాత్రూముకు ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువుల గురించి మన దేశపు ప్రమాణం) ప్రకారం లెక్కలో పట్టుకునే బరువేమో చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే 200 కిలోల చిల్లర. అంతమాత్రాన స్లాబు కూలిపోతుందని కాదు, చుట్టూ గోడలున్నాయి, బీములున్నాయి, బరువు పంచుకుంటాయి. కానీ మా బాత్రూము స్లాబు అడుగు మేర కిందికి దింపి, పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపింది, ఆ బరువు ముందే ఉంది. ఇంజినీరును అడక్కుండా ఈయన్ని ఇంట్లోకి రానివ్వడం నావల్ల కాదు.

ఇనుము వేడిని బాగా నిలబెడుతుందండీ అన్నాడు కుర్రాడు. నిలబెడుతుంది, కానీ ముందు అది వేడెక్కాలి కదా బాబూ! 150 కిలోల ఇనుమును 25 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే, 16 లీటర్ల నీళ్లను అంతే వేడి చేయడానికి పట్టేంత కరెంటు కావాలి. అంటే సుమారుగా ఒక బకెట్టు. మా ఇంట్లో మనిషి తల మీంచి స్నానం చేసేదే ఆ ఒక్క బకెట్టుతో, అది తమరు మొహం కడుక్కోవడానికే సరిపోతుంది. ఇక స్టీలు రేకు అవతారం తేలిక, చౌక, తడితే ఠంగుమంటుంది, నీళ్లు చల్లారడంలో మాత్రం యమా చురుకు.

గీజరు సంగతి కూడా విన్నవించుకుంటాను. మాది 25 లీటర్లది. 65 డిగ్రీలకు కాగాక చన్నీళ్లు కలిపితే, ఒంటికి పట్టే గోరువెచ్చని నీళ్లు ఒక 65 లీటర్లు వస్తాయి. తమరు నిండాలంటే మూడు విడతలు, 2 కిలోవాట్ల గీజరుకు విడతకు అరగంట పైమాటే. మూడో విడత కాగేసరికి మొదటి విడత చల్లారుతుంది, నాకు ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని సర్కారు వారి లెక్క. వంట, బట్టలు, స్నానం అన్నీ కలిపి. తమరికి ఒక్క పూటకే 180.

పాలరాతి అవతారం మీద మా ఆవిడకి మనసు పడింది. ఇక్కడ చిన్న చిక్కుంది. మా బోరు నీళ్లు రెండు నెలలకే కొత్త షవరు కన్నాలు మూసేసే రకం. ఆ తెల్ల చారికలదీ పాలరాతిదీ ఒకే గోత్రం, రెండూ కాల్షియం కార్బొనేటే. చారికలు పోవాలని వీధిలో సీసాల్లో అమ్మే యాసిడ్ పోస్తే, అది చారికలతో పాటు రాయినీ తినేస్తుంది. రాగి అంటే మా అమ్మ కళ్లు మెరిశాయి, పాత గంగాళం గుర్తొచ్చినట్టుంది. అయిదడుగుల గంగాళానికి వారం వారం చింతపండు పెట్టి ఎవరు తోముతారని అడిగితే అందరూ నావైపే చూశారు. చెక్క తొట్టి జపాన్‌లో చాలా గొప్పదట. అక్కడ బయట శుభ్రంగా ఒళ్లు కడుక్కుని దిగుతారు, అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ వంతుల వారీగా మునుగుతారు. ఒకరు మునిగిన నీళ్లలో ఇంకొకరా! మా అమ్మ బతికుండగా అది జరిగే పని కాదు.

మిగిలింది ఫైబరూ అక్రిలిక్కూ. షోరూములో పక్కపక్కన పెడితే రెండూ కవల పిల్లలే. అందుకే చెప్పులు విప్పి ఫైబరు తొట్టిలోకి దిగి నిలబడ్డాను (కుర్రాడి మొహం చూడాలి అప్పుడు), అడుగు కిర్రుమని లోపలికి పోయింది. దాని మెరుపంతా పైన పూసిన పల్చటి పూతలో ఉంటుంది, అది అరిగితే కింద గాజు పీచు పలకరిస్తుంది. అక్రిలిక్‌లో షీటు మందమంతా అదే రంగు కాబట్టి గీత పడితే సన్న వాటర్ పేపరుతో రుద్ది పాలిష్ పెట్టుకోవచ్చు. 30 కిలోల చుట్టుపక్కలే, ఇద్దరు మనుషులు మెట్ల మీంచి మోసుకొచ్చేస్తారు. కానీ అక్రిలిక్ పేరుతో లోపల వేరే ప్లాస్టిక్ పెట్టి, పైన పొర మాత్రమే అక్రిలిక్ వేసినవీ ఉంటాయి, కాబట్టి తమరిని బోర్లా తిప్పి చూడక తప్పలేదు, ఏమీ అనుకోకండి.

డాలస్ నుంచి మా బావమరిది వీడియో కాల్‌లో, "బావా, ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. నువ్వెప్పుడైనా నింపుకుని పడుకున్నావా అంటే, "టైమెక్కడిది బావా, దాంట్లో నిలబడి షవర్ చేసేస్తాం, పిల్లాడికైతే నింపుతాం" అన్నాడు.

కాబట్టి తమరు అక్రిలిక్ రూపంలోనే విచ్చేయగలరు. నరక చతుర్దశి నాడు నువ్వుల నూనె, నలుగు పిండిలో పసుపు, కుంకుడుకాయ పులుసు, అన్నీ తమరి మీదే పడతాయి. జారుడు లేని అడుగుతో రండి. పసుపు మరక పడితే మా పనమ్మాయి స్టీలు పీచు తీస్తుంది, నెయిల్ పాలిష్ చెరిపే మందు తీయాలని మా అమ్మాయికి తోస్తుంది. పీచుతో రుద్దితే గీతలు పడతాయని, ఆ మందులోని అసిటోన్ తగిలితే తమరు కరిగిపోతారని ఇద్దరికీ ముందే చెప్పి ఉంచుతాను. ట్యాంకర్ వచ్చిన రోజు తమరే మా రెండో సంపు, దానికి మాత్రం నామోషీ పడకూడదు.

చివరగా ఒక్క షరతు. తమరి పక్క ప్యానెల్ ఊడదీయడానికి వీలుండాలి, డ్రెయిన్ దగ్గర చెయ్యి దూరేంత సందుండాలి. చుట్టూ టైల్స్ కట్టి మూసేద్దాం, నీటుగా ఉంటుంది అంటున్నాడు మేస్త్రీ. రేపు లీకైతే పగలగొట్టాల్సింది ఆయన కాదు, తడిసేది కింది ఫ్లాటు సీలింగు, ఆ ఫ్లాటాయనే మా అసోసియేషన్ సెక్రటరీ.

ఇట్లు,
తమ విధేయుడు,
5 బై 8 బాత్రూము ఓనరు