చనుచవ్వు చరా!

చిన్నప్పుడు పెద్దవాళ్ళ ఎదుటే మా అక్కా నేనూ గుసగుసలాడుకున్న భాష ఇది. ప్రతి అక్షరం ముందూ ఒక 'చ' తగిలిస్తే 'నువ్వు రా' కాస్తా 'చనుచవ్వు చరా' అయిపోతుంది. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో ఇలాంటి వాటికో పెద్ద పేరే ఉంది: మ్లేచ్ఛిత వికల్పం.

తెలుగునేలకి దూరంగా ఇక్కడ జరిగే మన సభల్లో ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు లేచి, కంప్యూటర్లలో సమాచారం దాచే కిటుకులన్నీ మనవాళ్ళకి ఏనాడో తెలుసంటారు. చప్పట్లూ పడతాయి. నేను మాత్రం కొట్టను. అర్థశాస్త్రంలో గూఢచారుల గూఢలేఖ్యాల మాట నిజమే. కానీ కామసూత్రాల జాబితా చూడండి. గీతం, వాద్యం, నృత్యంతో మొదలవుతుంది. మ్లేచ్ఛిత వికల్పం పక్కనే దేశభాషా విజ్ఞానం ఉంటుంది. అంటే దీన్ని పెట్టింది భాషల సరసన, సరదాల నడుమ.

కామసూత్రాల వ్యాఖ్య జయమంగళలో 'మూలదేవీయం' అనే పద్ధతి ఉంది. అక్షరాలు జంటలు జంటలుగా చోటు మార్చుకుంటాయి: త-ప, న-మ, ల-స, ర-ష, చ-ట, ఖ-గ, ఇలా. గుణింతం మాత్రం కదలదు. 'మల్లె' అని రాయబోతే 'నస్సె' అవుతుంది, 'నీరు' 'మీషు' అవుతుంది. తీరిక ఉన్నవాడు ఒక్క సాయంత్రంలో విప్పేస్తాడు, అందులో సందేహం లేదు. అయినా ప్రేమలేఖకి అంతకన్నా గట్టి తాళం దేనికి?

అక్షరాలకి అంకెలిచ్చే కటపయాది సంఖ్య అయితే దాచడానికి కాదు, గుర్తుంచుకోవడానికి. మాయామాళవగౌళ రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు చూడండి: పవర్గలో 'మ' అయిదోది, 'య' ఒకటి. తిరగేస్తే 15. కర్ణాటక సంగీతంలోని మూల రాగాల్లో, అంటే మేళకర్తల్లో, అది 15వది. ఇక్కడ సంగీతం నేర్చుకుంటున్న మన పిల్లల్లో ఎంతమందికి ఈ కిటుకు చెప్పాం?

ఇక్కడ మనకి తెలుగే రహస్య భాష. దుకాణంలో బేరం నచ్చకపోయినా, పిల్లలకి తెలియకుండా ఏదైనా అనుకోవాలన్నా తెలుగులోకి దిగిపోతాం. ఆ రెండోది నాకు నచ్చదు. ఇంటి భాషని పిల్లలమీదే తాళంగా వాడేసి, మళ్ళీ ఆదివారం తెలుగు బడికి రమ్మంటే ఎలా వస్తారు? తాళంచెవి వాళ్ళ చేతికే ఇద్దాం. గుణింతం వల్లె వేయించే బదులు, మొదటి రోజునే బోర్డు మీద 'పెసుఖు' అని రాసి, పై జంటలు చూపించి, విప్పమనండి.